అశ్వశక్తి చాలదు, అశ్వహృదయం కావాలి

పాత కారు కొన్న కుర్రవాడికి కొత్త బలం అమ్మజూపడమంత సులువైన వ్యాపారం లోకంలో మరొకటి లేదు. కొనేవాడికి ఇరవై ఏళ్ళు. చేతిలో ధనం స్వల్పం, మనసులో వేగం అనల్పం. అమ్మేవాడి దగ్గర మెరిసే గొట్టాలు, ఎర్రని రబ్బరు హోసులు, ఇన్ని గుర్రాల శక్తి అదనంగా వస్తుందని రాసిన అట్టపెట్టెలు. ఈ ఇద్దరి నడుమ మూడు దశాబ్దాలు దాటిన ఇంజను ఒకటి మౌనంగా పడి ఉంటుంది. దాని పక్షాన మాట్లాడేవారు లేరు. అందుచేత ఆ వకాల్తా నేను పుచ్చుకుంటున్నాను.

"ఛందస్సూ వ్యాకరణమూ చెప్పుకొని పింఛను తీసుకొనే పండితుడికి ఇంజన్ల గొడవ దేనికి?" అని కొందరు మిత్రులు నవ్వవచ్చును. అమెరికాలో చదువుకుంటున్న మా మనుమడు 1990 నాటి మాజ్దా మియాటా ఒకటి కొన్నాడు. వాడికున్నది బడ్డీ కొట్టు జీతం, కోరికలు మాత్రం రేసు మైదానంలోవి. "తాతయ్యా, తక్కువ ఖర్చులో ఇంజనుకు ఏం చేయిస్తే బాగుంటుంది?" అని అడిగాడు. ఆ కారు మరమ్మతు పుస్తకాన్ని సూత్రభాష్యం చదివినట్టు చదివాను. చదివిన మీదట నాకు కలిగిన అభిప్రాయం ఒక్కటే: పాత స్పోర్ట్స్ కారుకు చౌకగా చేయించగల ఉత్తమమైన మార్పు, దానిని మొదట ఉన్నట్టుగా చేయడం. మన పెద్దలు దీనికి చక్కని మాట పెట్టారు, జీర్ణోద్ధరణ అని. గర్భగుడి కప్పు కారుతుండగా గోపురానికి బంగారు కలశం ఎత్తించేవాణ్ణి ఊరంతా ఏమంటుందో, సాంబ్రాణి పొగ వంటి పొగ వదిలే ఇంజనుకు టర్బో బిగించేవాణ్ణీ అదే అనాలి.

ముందు ఆ కారు సంగతి కొంత తెలుసుకోవాలి. 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో తొలిసారి లోకానికి కనిపించిన బండి ఇది. ఇంజను 1,598 ఘన సెంటీమీటర్లు, శక్తి 116 అశ్వాలు, బరువు టన్నుకు కొంచెం తక్కువ. నేటి లెక్కలలో 116 అనేది పెద్ద సంఖ్య కాదు. ఇంటి సామాను తెచ్చుకొనే బండ్లకే అంతకన్న ఎక్కువ బలం ఉంటున్నది. అయినా 2016 నాటికి ఈ వరుస కార్లు పది లక్షలు తయారైనాయి. బలం చాలని బండిని పదిలక్షలమంది ఎందుకు కొన్నారు? దానిని రూపొందించిన జపాను ఇంజనీర్లు బలాన్ని కాక "జిన్‌బా ఇత్తాయ్" అనే భావాన్ని లక్ష్యంగా పెట్టుకున్నారు. గుర్రమూ రౌతూ ఏకశరీరం కావడమని దాని అర్థం.

ఈ మాట వినగానే నాకు నలుడు జ్ఞాపకం వచ్చాడు. నన్నయ ఆరణ్యపర్వంలో తెనిగించిన నలోపాఖ్యానం మీలో చాలమందికి తెలిసినదే. ఋతుపర్ణుడు ఒక్క పగటిలో విదర్భకు చేరాలి. బాహుకుడి రూపంలో ఉన్న నలుడు గుర్రపుశాలలోకి వెళ్ళి, బక్కచిక్కిన గుర్రాలను ఎంచి తెచ్చాడు. రాజు ఆక్షేపించాడు. నలుడు లక్షణాలు చూశాడే కాని కండలు చూడలేదు. ఆ రథం మీద రాజుగారి ఉత్తరీయం జారిపడితే, ఆపమనేలోగా అది యోజనం దూరాన వెనకబడి పోయింది! నలుడి దగ్గర ఉన్నది అశ్వహృదయమనే విద్య. నేడు మన పిల్లలకు అంగళ్ళలో అమ్ముతున్నది అశ్వశక్తి మాత్రమే. ఈ రెండింటి భేదమే నా వాదానికి మూలం.

ఇక ఆ అంగడి సరకులను ఒక్కొక్కటిగా పరీక్షిద్దాం.

మొదటిది, గాలి పీల్చే గొట్టం. ఇంజను బలమంతా అది పీల్చే గాలిలో ఉన్నది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువులో సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. ఈ ఇంజను రెండు చుట్లకు ఒకసారి తన పరిమాణమంత గాలిని పీల్చుతుంది. నిమిషానికి 6,500 చుట్లు తిరిగినప్పుడు లెక్క వేస్తే సుమారు 5,200 లీటర్లు. ఆ లెక్క వేసుకొనే కర్మాగారం వారు దారి పెట్టారు. ఆ పెట్టెను పీకివేసి, వేడెక్కిన ఇంజను పక్కనే తెరిచి ఉంచిన శంఖాకారపు ఫిల్టరు బిగిస్తే ఏమవుతుంది? చల్లగాలికి బదులు వేడిగాలి లోనికి పోతుంది. ముప్పై డిగ్రీల గాలి నలభై డిగ్రీలకు చేరితే దాని సాంద్రత మూడు శాతానికి పైగా తగ్గుతుంది. 116లో మూడు నాలుగు గుర్రాలు కట్లు తెంచుకొని పారిపోయినట్టే గదా! డబ్బిచ్చి గుర్రాలను తరిమివేసుకొనే ఈ వింత బేరానికి "అప్‌గ్రేడ్" అని పేరు. బయటి చల్లగాలిని తెచ్చే మంచి గొట్టమైనా ఇంత చిన్న ఇంజనులో ఇచ్చే లాభం అత్యల్పం.

రెండవది, సైలెన్సరు. దీనిని మార్చడం వలన పెరిగే బలం కొద్ది, పెరిగే శబ్దం కొండంత. శబ్దం పెరిగితే వేగం పెరిగినట్టు చెవి నమ్ముతుంది. గడియారం నమ్మదు. నిండు కుండ తొణకదని మనవాళ్ళు ఊరక అనలేదు. మన ఊళ్ళలో బులెట్ల సైలెన్సర్లు పీకి అర్ధరాత్రి వీధులు అదరగొట్టే వీరులకూ ఈ సామెత చెందుతుంది. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరును కూడా కోసివేసేవారున్నారు. అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం అది నేరం. కాలిఫోర్నియాలోనైతే, 1976 నుండి వచ్చిన పెట్రోలు కార్లకు రెండేళ్ళకొకసారి పొగ పరీక్ష ఉన్నది. పొగకు సంబంధించిన భాగం మార్చితే ఆ రాష్ట్ర వాయు మండలి ఆమోద సంఖ్య దానికి ఉండి తీరాలి. అట్టపెట్టె మీద గుర్రాల సంఖ్య పెద్ద అక్షరాలలో ఉంటుంది. ఆ ఆమోద సంఖ్య ఉన్నదా లేదా అన్నది మాత్రం కొనేవాడే భూతద్దం పట్టుకొని వెదకాలి.

మూడవది, ఖరీదైన పెట్రోలు. సాధారణ పెట్రోలుకే రూపొందించిన ఇంజనులో ఎక్కువ ఆక్టేను పెట్రోలు పోస్తే బలం రాదు. ఆక్టేను అనేది శక్తికి కొలత కాదు, అకాలంలో అంటుకోకుండా నిలిచే ఓర్పుకు కొలత. అవసరం లేని ఓర్పుకు ఎందుకు డబ్బు చెల్లించాలి?

నాలుగవది, అన్నిటికన్న ప్రమాదకరమైనది, చౌక టర్బో. టర్బో వలన బలం వస్తుంది, కాదనను. అయితే మాజ్దా వారే 2004లో ఈ వరుస కారుకు టర్బో పెట్టినప్పుడు 178 గుర్రాల దగ్గర ఆగారు. దానికోసం క్లచ్చినీ, వెనుక చక్రాలకు శక్తిని చేరవేసే భాగాలనూ బలపరిచారు. కర్మాగారం అంత జాగ్రత్త పడిన చోట, పేరూ ఊరూ లేని టర్బోను పెరటి షెడ్డులో రెండు రాత్రులు కూర్చుని బిగించడం సాహసమా, అవివేకమా? పిస్టను రింగులు అరిగిన ఇంజను మీద టర్బో పెట్టడం మూలిగే నక్క మీద తాటిపండు పడవేయడమే. పెట్రోలు పాలు తప్పి, మంట అకాలంలో పేలితే పిస్టన్లు పగులుతాయి. అప్పుడు కుర్రవాడికి మిగిలేది ఇంటి ముందర నిలిచిన తుక్కూ, క్రెడిట్ కార్డు మీద అప్పూ.

నన్ను ఛాందసుణ్ణని తేల్చివేయకముందు ఒక మాట. ఇంజనుకు ఏ మార్పూ తగదని నా వాదం కాదు. ఈ తొలి 1.6 లీటర్ల ఇంజనులో కర్మాగారం వారు పది డిగ్రీల వద్ద నిలిపిన జ్వలన సమయాన్ని పద్నాలుగుకు జరిపితే స్పందన మెరుగవుతుందని అనుభవజ్ఞులు చెబుతారు. ఖర్చు దాదాపు శూన్యం. అయితే టైమింగ్ లైటు పట్టుకొని సరిగా చేయాలి, పైన చెప్పిన ఓర్పుగల పెట్రోలు అప్పుడు నిజంగానే అవసరమవుతుంది. అలాగే 1994 నుండి ఇదే కారులో వచ్చిన 1,839 ఘన సెంటీమీటర్ల ఇంజను 128 గుర్రాలది. పాత ఇంజను నిజంగా అరిగిపోయిననాడు, తుక్కు కార్ల యార్డులో దొరికే మంచి 1.8 ఇంజనును చట్టం చెప్పిన పొగ సామగ్రితో సహా బిగించుకోవడం బుద్ధిమంతుల పని. బీమా సంస్థకు ఆ సంగతి తెలియజేయడం మరచిపోరాదు. దాచిన మార్పు ప్రమాదం జరిగిన రోజున బయటపడుతుంది.

మరి ఉన్న కొద్ది డబ్బుతో ఏం చేయాలి? నా క్రమం ఇది. ముందుగా నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించాలి. నాలుగూ ఇంచుమించు సమంగా ఉంటేనే తక్కిన ఖర్చుకు అర్థం. తరువాత టైమింగ్ బెల్టు. అరవై వేల మైళ్ళకొకసారి మార్చమని నియమం. ఆ పని చేసినప్పుడే నీటి పంపు కూడా మార్చాలి. ఈ ఇంజనులో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు, అది అదృష్టమే. కాని కారు నడిరోడ్డు మీద ప్రాణం విడిచినట్టు ఆగిపోతుంది. ఆపైన రేడియేటరు. దాని పై భాగపు ప్లాస్టిక్ నల్లరంగు పోయి గోధుమరంగుకు తిరిగితే కాలం దగ్గర పడినట్టే. ఆపైన స్పార్కు ప్లగ్గులు, వాటి తీగలు, పెట్రోలు ఫిల్టరు, ఆక్సిజన్ సెన్సారు, పగిలిన రబ్బరు గొట్టాలు. ఏళ్ళ తరబడి ఉపేక్షకు గురైన కారులో ఇవన్నీ సరిచేయిస్తే, ఏ గొట్టమూ ఇవ్వలేనన్ని గుర్రాలు కొట్టానికి తిరిగి వస్తాయి. అవి ఎవరూ అమ్మినవి కావు, ఇంట్లోంచి తప్పిపోయినవి.

ఇంజను అయినాక టైర్లు, బ్రేకులు. టైరు పక్కన ముద్రించిన అంకెలలో చివరి నాలుగు దాని జాతకం. 2318 అని ఉంటే 2018లో ఇరవై మూడవ వారంలో పుట్టినదని అర్థం. పైన గాడులు లోతుగానే ఉన్నా, వయసు మీరిన రబ్బరు గట్టిపడి పట్టు వదులుతుంది. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దానిని రెండేళ్ళకొకసారి మార్చకుంటే, అత్యవసరమైన క్షణంలో పెడలు మెత్తగా లోనికి దిగిపోతుంది. వీటిని ఎవరూ ఫొటోలు తీసి మిత్రులకు చూపుకోరు. అందుకే వీటికి డబ్బు మిగలదు.

నా ఆగ్రహానికి అసలు కారణం ఇక్కడ ఉన్నది. వేగం రెట్టింపైతే గమన శక్తి నాలుగు రెట్లవుతుంది. గంటకు 60 మైళ్ళ నుండి 85కు పెంచితే చాలు, ఆపవలసిన శక్తి రెట్టింపు. వెనుక చక్రాలతో నడిచే ఈ పాత కారులో, జారినప్పుడు సరిదిద్దే ఎలక్ట్రానిక్ స్థిరత్వ వ్యవస్థ లేదు. అమెరికాలో అది 2012 నమూనాల నుండి మాత్రమే అన్ని కార్లకూ తప్పనిసరి అయినది. అటువంటి బండిలో, ఎనిమిదేళ్ళ టైర్ల మీద, వాన పడిన మలుపులో, కొత్తగా కొన్న అరవై గుర్రాలు ఒక్కసారి విజృంభిస్తే ఆ కుర్రవాడి గతి ఏమిటి? మన పిల్లలు ఎక్కడో సముద్రాల అవతల ఉంటారు. ఇక్కడ అర్ధరాత్రి ఫోను మోగితే తల్లిదండ్రుల గుండె ఆగినంత పని అవుతుంది. ఆ ఫోనుకు భయపడే నేను ఈ వ్యాసం రాస్తున్నాను.

అయితే ఈ భయంతో "ఆ డొక్కు అమ్మిపారేసి కొత్త టయోటా కొనుక్కో నాయనా" అనే పెద్దలతోనూ నాకు పేచీ ఉన్నది. ఆ కుర్రవాడు జీవితంలో మొదటిసారి ఒక యంత్రాన్ని తన చేతులతో విప్పి, తెలుసుకొని, బిగిస్తున్నాడు. నాలుగు గోడల మధ్య మనం చెప్పిన చదువులో వాడికి దొరకనిది అక్కడ దొరుకుతున్నది. ఆ గ్రీసు చేతులను చీదరించుకోకండి. చేయవలసినదల్లా వాడి ఉత్సాహానికి దారి చూపడం. టర్బోకు పెట్టే డబ్బులో చిన్న వాటాతో ఆటోక్రాస్‌కు వెళ్ళవచ్చును. 1944లో స్థాపితమైన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా శాఖలు విశాలమైన ఖాళీ స్థలాలలో ప్లాస్టిక్ శంకువులు పేర్చి వీటిని జరుపుతాయి. ఎదురు బండి ఉండదు, గడియారంతోనే పందెం. తప్పు చేస్తే పడిపోయేది శంకువు. అక్కడ ఒక నేర్పరి 116 గుర్రాల బండితో, అంతకు రెట్టింపు బలం గల బండిని ఓడించడం కళ్ళారా చూసిన కుర్రవాడికి, అట్టపెట్టెల మీది సంఖ్యల పట్ల భక్తి తనంతట తానే తగ్గుతుంది.

అశ్వశక్తి అంగట్లో దొరుకుతుంది. అశ్వహృదయం అభ్యాసం వలన మాత్రమే వస్తుంది. పైగా దానిని కారు మార్చినప్పుడు వెంట తీసుకొని పోవచ్చును.

ప్రతివాదం చేయదలచిన యువమిత్రులకు సాదర స్వాగతం. అయితే రాకముందు ఒకసారి కిందికి వంగి, మీ కారు నాలుగు టైర్ల మీది నాలుగేసి అంకెలూ చదివి రండి. ఆపైన గుర్రాల గురించి మాట్లాడుకుందాం.

స్వస్తి.