మా పిల్లలెక్కడ?

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిందీ మేమే, పట్టుబడిందీ మేమే. పాతబస్తీ పిల్లల్ని మఫ్టీలో వచ్చి ఎత్తుకుపోయారు. ఠాణాల చుట్టూ తిరిగిన అమ్మీలకు జవాబు లేదు. పత్రికలకు మాత్రం పేర్లందాయి, 'ఉగ్రవాది' అన్న బిరుదుతో సహా. మరి రహస్యం ఎవరి దగ్గర, కన్నతల్లి దగ్గరేనా?

దేశభద్రత అంటారు. సాక్ష్యం దాచుకోండి, కాదనం. మనిషిని దాచే హక్కెక్కడిది? 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుంచమంది రాజ్యాంగం 22వ అధికరణం (ముందస్తు నిర్బంధానికి అదే మినహాయింపిచ్చింది, అదో విడ్డూరం). అయినవాళ్లకు కబురు చెప్పమంది 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు. మేమడిగేదీ అంతే: పట్టుకున్న రోజే పేరూ చోటూ బయటపెట్టండి. రికార్డులో అరెస్టు తారీఖు ఒకటి, అమ్మీ గుర్తుపెట్టుకున్న తారీఖు ఇంకొకటి. ఆ మధ్య రోజుల లెక్క చెప్పండి.