బంగారం ధర పెరిగింది.. ఇప్పుడు జకాత్ ఎవరి మీద ఫర్జ్?

రంజాన్ దగ్గర పడుతుంటే మన ఇళ్లల్లో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. "నా దగ్గర రెండు మూడు తులాల జేవర్ ఉంది, నేనూ జకాత్ ఇవ్వాలా?" పదేళ్ల కింద ఈ ప్రశ్న అడిగినవాళ్లు తక్కువ. ఇప్పుడు ఆటో నడిపేవాళ్ల ఇంట్లో, కుట్టుమిషన్ మీద బతికే ఇంట్లో కూడా అడుగుతున్నారు. కారణం తెలిసిందే. 2025 ఏప్రిల్‌లో 10 గ్రాముల బంగారం లక్ష రూపాయలు తాకింది. అదే ఏడాది కిలో వెండి కూడా లక్ష దాటి ఇంకా పైకి పోయింది. జీతం పెరగలేదు, కూలి పెరగలేదు. పెట్టెలో ఉన్న పెళ్లినాటి గాజుల విలువ మాత్రం పెరిగింది. దాంతో కాగితం మీద చాలామంది మధ్యతరగతి, పేద కుటుంబాలు 'సాహిబె నిసాబ్' అయిపోయాయి.

ఇది వట్టి లెక్కల గొడవ కాదు. ఫర్జ్ అయిన జకాత్ ఇవ్వకపోతే గునాహ్. అలాగని ఫర్జ్ కానివాళ్లు భయపడి అప్పు చేసి ఇవ్వాల్సిన పనీ లేదు. అందుకే విషయం ఏంటో ముందు సాఫ్‌గా తెలుసుకోవాలి.

తులం అంటే ఎంత?

మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతోంది. బంగారం నిసాబ్ ఏడున్నర తులాలు, వెండి నిసాబ్ యాభై రెండున్నర తులాలు అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ తులం పాత తులం, అంటే 11.664 గ్రాములు. ఇవాళ మన నగల దుకాణాల్లో తులం అంటే 10 గ్రాములు. పాత లెక్క ప్రకారం బంగారం నిసాబ్ 87.48 గ్రాములు. దుకాణం లెక్కలో అది దాదాపు ఎనిమిది ముప్పావు తులాలు. వెండి నిసాబ్ 612.36 గ్రాములు. కాబట్టి తులాలు మరిచిపోయి గ్రాముల్లోనే లెక్క కట్టడం మేలు.

ప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో 20 దీనార్ల బంగారం, 200 దిర్హమ్‌ల వెండి దాదాపు ఒకే విలువ. అంటే ఏ నిసాబ్ చూసినా మనిషి ఒకే స్థాయిలో ఉండేవాడు. ఇప్పుడు అలా లేదు. లెక్క సులువుగా ఉండాలని గ్రాము బంగారం 10,000 రూపాయలు, గ్రాము వెండి 100 రూపాయలు అనుకుందాం. బంగారం నిసాబ్ 8,74,800 రూపాయలు అవుతుంది. వెండి నిసాబ్ 61,236 రూపాయలే. ఒకటి ఇంకొకదానికి పద్నాలుగు రెట్లు. మీరు లెక్క కట్టే రోజు ధర వేసుకుంటే అంకెలు మారతాయి గానీ, మధ్యలో ఉన్న దూరం మాత్రం పోదు. ఈ దూరంలోనే మన కుటుంబాలు చాలా ఇరుక్కున్నాయి.

ఒక ఇంటి లెక్క

ఒక చెల్లెలి సంగతి చూద్దాం. 30 గ్రాముల బంగారం ఉంది. చేతిలో 20,000 నగదు ఉంది. కట్టాల్సిన అప్పు 40,000. భర్త సంపాదన నెలకు 15,000. ఇద్దరూ అద్దె ఇంట్లో ఉంటారు.

మన తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువమంది హనఫీ మస్లక్ వాళ్లు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) అభిప్రాయం ప్రకారం బంగారం, వెండి, నగదు విలువలు కలిపి చూడాలి. మూడు లక్షల బంగారం, ఇరవై వేల నగదు కలిపితే 3,20,000. అప్పు తీసేస్తే 2,80,000. ఇది వెండి నిసాబ్ కంటే ఎక్కువ. కాబట్టి జకాత్ ఫర్జ్. రెండున్నర శాతం అంటే 7,000 రూపాయలు. ఆ ఇంటి సగం నెల సంపాదన.

ఇదే చెల్లెలి దగ్గర నగదు, వెండి ఏమీ లేకుండా 80 గ్రాముల బంగారం మాత్రమే ఉంటే? బంగారం ఒక్కటే ఉన్నప్పుడు దాని సొంత నిసాబ్ చూస్తారు. 87.48 గ్రాములు కాలేదు కాబట్టి ఫర్జ్ కాదు. ఎనిమిది లక్షల జేవర్ ఉన్నావిడ ఇవ్వనక్కర్లేదు, మూడు లక్షలున్నావిడ ఇవ్వాలి అంటే వినేవాళ్లకు వింతగా ఉంటుంది. కానీ నిజ జీవితంలో ఇవాళ చేతిలో, బ్యాంకులో అసలు డబ్బు లేనివాళ్లు అరుదు. అందుకే 'నా దగ్గర బంగారమే ఉంది' అన్న మినహాయింపు చాలామందికి వర్తించదు.

అదే హనఫీ మస్లక్‌లో ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ ఇంకో లెక్క చెప్పారు. విలువ కాదు, భాగాలు కలపాలి అన్నారు. 30 గ్రాములు బంగారం నిసాబ్‌లో సుమారు 34 శాతం. 20,000 వెండి నిసాబ్‌లో సుమారు 33 శాతం. రెండూ కలిపితే 67. అప్పు తీయకముందే నూరు నిండలేదు కాబట్టి ఈ చెల్లెలి మీద జకాత్ ఫర్జ్ కాదు. ఇక షాఫయీ, మాలికీ, హంబలీ మస్లక్‌లలో ఎక్కువమంది ఉలమా స్త్రీ మామూలుగా వేసుకునే జేవర్ మీద జకాతే లేదంటారు.

ఇన్ని అభిప్రాయాలు ఉన్నాయంటే మనకు నచ్చింది ఏరుకోవచ్చని కాదు. మన పరిస్థితి మొత్తం గ్రాములతో, రూపాయలతో కాగితం మీద రాసుకుని, నమ్మకమైన ముఫ్తీ సాబ్ ముందు పెట్టాలని. సగం చెప్పి ఫత్వా అడిగితే సగం జవాబే వస్తుంది.

వెండా, బంగారమా?

వెండి నిసాబ్ పట్టుకోవాలనే ఉలమా మాట ఇది. దీనివల్ల ఇచ్చేవాళ్లు పెరుగుతారు, పేదలకు లాభం, ఇబాదత్ విషయంలో జాగ్రత్త పాటించినట్టూ అవుతుంది. నిజమే. ఇంకో వైపు, యూసుఫ్ అల్ ఖర్జావీ వంటి ఆధునిక పండితులు బంగారం నిసాబే ఈ కాలానికి సరైన కొలత అన్నారు. వెండి విలువ బాగా పడిపోయింది, దాన్ని పట్టుకుంటే పేదవాడే ధనవంతుడి వరసలో నిలబడతాడు అన్నది ఆ వైపు వాదన.

ఈ చర్చలో మనం మరిచిపోతున్న ముఖ్యమైన సంగతి ఒకటుంది. నిసాబ్ ఇచ్చేవాళ్లనే కాదు, తీసుకునేవాళ్లనూ నిర్ణయిస్తుంది. ఒక బేవా దగ్గర భర్త గుర్తుగా 10 గ్రాముల గొలుసు ఉందనుకోండి. అప్పు లేదు, సంపాదన లేదు. గొలుసు విలువే లక్ష. వెండి లెక్కన చూస్తే ఆవిడ జకాత్ తీసుకోవడానికి ముస్తహిక్ కాదు. అంటే పిల్లల ఫీజుకు చెయ్యి చాచినా, జాగ్రత్తగా ఇచ్చే సంస్థ 'కుదరదు' అనాల్సి వస్తుంది. 'పేదలకు లాభం' అన్న కొలతే ఇక్కడ ఒక పేద ఇంటి తలుపు మూస్తోంది.

దీనికి దారి లేదా అంటే ఉంది. జకాత్ ఒక్కటే ఖైరాత్ కాదు. నఫిల్ సద్ఖాకు నిసాబ్ అడ్డు రాదు. కానీ మన అలవాటు ఏంటి? రంజాన్‌లో జకాత్ తీశాం, పని అయిపోయింది అనుకుంటాం. మిగతా పదకొండు నెలలు సద్ఖా డబ్బా ఖాళీ. జకాత్‌కూ సంపన్నతకూ మధ్య నలిగే ఇళ్లను నిలబెట్టేది ఆ పదకొండు నెలల సద్ఖా, వడ్డీ లేని ఖర్జె హసనా.

అప్పులో ఉన్నవాళ్ల సంగతీ అంతే. సూరె తౌబా 60వ ఆయత్‌లో జకాత్ హక్కుదారులు ఎనిమిది రకాలు. అందులో అప్పుల్లో మునిగినవాళ్లూ ఉన్నారు. నగలు తాకట్టు పెట్టి వడ్డీ కడుతున్న ఇళ్లు మన బస్తీల్లో ఎన్నో. వాళ్ల ఆస్తిలోంచి అప్పు తీసేసి చూస్తే చాలామంది ముస్తహిక్‌లే అవుతారు. తాకట్టులో ఉన్న బంగారం మీద జకాత్ సంగతి మాత్రం ముఫ్తీని అడిగి తేల్చుకోవాలి. రేషన్ కిట్‌లు పంచడం మంచిదే. దాంతోపాటు ఒక మొహల్లా కలిసి ఏడాదికి ఒక కుటుంబాన్నైనా వడ్డీ నుంచి బయటపడేస్తే, మరుసటేడు ఆ ఇల్లే ఇచ్చేవాళ్లలో చేరవచ్చు. హైదరాబాద్ జకాత్ అండ్ చారిటబుల్ ట్రస్ట్ వంటి సంస్థలు నగరంలో సామూహిక పద్ధతి సాధ్యమేనని చూపించాయి. జిల్లాల్లో, చిన్న పట్నాల్లో మస్జిద్ కమిటీలు ఈ పని మొదలుపెట్టాలి.

ఇంట్లో చేయాల్సిన పని

జేవర్ ఎవరిదో ముందు తేల్చండి. మెహర్‌గా వచ్చినదీ, పుట్టింటివాళ్లు ఆమెకు ఇచ్చినదీ ఆమె సొంతం. అత్తమ్మ బీరువాలో ఉన్నంత మాత్రాన అత్తమ్మది కాదు. ఎవరి సొంతమో జకాత్ వాళ్ల మీదే. భార్య అనుమతితో భర్త కట్టవచ్చు గానీ, అది అతని మీద ఫర్జ్ కాదు.

లెక్కలో తరుగు, మజూరీ కలపకండి. ఆ రోజు అమ్మితే వచ్చే ధర చూడండి. ముత్యాలు, రాళ్ల మీద, అవి వ్యాపార సరుకు కాకపోతే, జకాత్ లేదు. చిట్టీలో కట్టిన డబ్బు, ఎవరికైనా ఇచ్చి తిరిగి వస్తుందని నమ్మకం ఉన్న అప్పు లెక్కలోకి వస్తాయి.

తేదీ చాంద్ లెక్కన పెట్టుకోండి. నిసాబ్ వచ్చిన రోజు నుంచి చాంద్ సంవత్సరం. అది రజబ్‌లో నిండితే రంజాన్ దాకా ఆపకూడదు. ముందుగానే నెలనెలా కొంచెం ఇస్తూ పోవచ్చు. పైన చెప్పిన చెల్లెలికి 7,000 ఒక్కసారి బరువు. నెలకు ఆరు వందల లోపే అయితే మోయగలదు.

దగ్గరివాళ్లను మరవకండి. తల్లిదండ్రులకు, సంతానానికి, భార్యాభర్తలు ఒకరికొకరు జకాత్ ఇవ్వకూడదు. ముస్తహిక్ అయితే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఇవ్వవచ్చు. అందులో జకాత్ సవాబ్‌తో పాటు బంధుత్వం నిలిపిన సవాబ్ కూడా ఉంది. ఇచ్చేటప్పుడు 'ఇది జకాత్' అని పైకి చెప్పనక్కర్లేదు, మనసులో నియ్యత్ చాలు. ఆ ఇంటి ఇజ్జత్ నిలుస్తుంది.

బంగారం ధర మన చేతిలో లేదు. ఈ ఇషా తర్వాత ఇంట్లో అందరూ కూర్చుని ఒక కాగితం మీద హిసాబ్ రాసుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది. ఆ హిసాబ్ ఇక్కడ సాఫ్‌గా ఉంటే, అక్కడ ఆసాన్ అవుతుంది, ఇన్‌షా అల్లాహ్.