తిండిపోతు అనేయకండి!

పెళ్లి పత్రిక అందితే ఎవరికైనా సంతోషమే. నూటపది కిలోల బరువున్న ఇల్లాలికి మాత్రం గుండెల్లో రాయి పడుతుంది. దావత్‌కు వెళ్తే పలకరింపు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ‘ఏ మిల్లు బియ్యం తింటున్నవే?’ అంటుంది మేనత్త. అందరూ నవ్వుతారు. ఆమే నవ్వేస్తుంది. ఆ తర్వాత ముద్ద దిగదు. మెల్లగా ఫంక్షన్లు మానేస్తుంది. బరువు మిషన్ ఎక్కమంటారని దవాఖానకు వెళ్లడమూ మానేస్తుంది. ఆత్మకూరులోనైనా, హైదరాబాద్‌లోనైనా అతిస్థూలకాయుల కష్టం ఇదే. అసలు ప్రమాదం కూడా ఇక్కడే మొదలవుతుంది.

ఎలుకలు చెప్పిన నిజం

1990లలో హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఓ వింత జరిగింది. ప్రయోగాల కోసం పెంచుతున్న ఎలుకల్లో కొన్ని విపరీతంగా లావెక్కాయి. వాటికి ప్రత్యేకంగా నెయ్యి, నూనెలేమీ పెట్టలేదు. మిగతా ఎలుకల మేతే వాటిదీ. కానీ ఎంత తిన్నా వాటి ఆకలి తీరేది కాదు. జన్యువుల్లో వచ్చిన మార్పే అందుకు కారణం. ‘ఇక చాలు’ అని మెదడుకు చెప్పే హార్మోన్ లెప్టిన్. ఆ ఎలుకల రక్తంలో అది దండిగా ఉంది, మెదడే దాని మాట వినలేదు!

మనుషుల్లో ఇలా ఒక్క జన్యువుతో బరువు పెరగడం అరుదు. చాలామందిలో అనేక జన్యువులు, తిండి, నిద్ర, మానసిక ఒత్తిడి, కొన్ని రకాల మందులు కలిసి పనిచేస్తాయి. పైగా బరువు తగ్గడం మొదలవగానే శరీరం ఎదురు తిరుగుతుంది. ఆకలి పెంచుతుంది, ఖర్చుచేసే శక్తిని తగ్గిస్తుంది. పస్తులుండి తగ్గిన బరువు మళ్లీ వచ్చేది అందుకే. అది బద్ధకమూ కాదు, నోటి దురుసూ కాదు.

పల్లెలకూ పాకింది

ఒకప్పుడు పాలమూరు పల్లెల్లో జొన్నరొట్టె తిని, రోజంతా చేలో వంగి పనిచేసేవారు. జూరాల నీళ్లొచ్చాక ఆత్మకూరు వైపు వరి పెరిగింది. మూడు పూటలా అన్నమే అయింది. ట్రాక్టర్లు, బైకులు వచ్చి ఒంటికి పని తగ్గింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో దాదాపు 30 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు.

ఎంతుంటే ప్రమాదం?

బరువును (కిలోల్లో) ఎత్తుతో (మీటర్లలో) రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. 160 సెంటీమీటర్ల ఎత్తు, 110 కిలోల బరువు ఉంటే అది 43. నలభై దాటితే అతిస్థూలకాయం. షుగర్, బీపీ, మోకాళ్ల అరుగుదల, కాలేయంలో కొవ్వు చుట్టుముడతాయి. పెద్దగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయినా, పగలంతా కునికిపాట్లు పడుతున్నా అశ్రద్ధ చేయొద్దు.

ఏం చేయాలి?

* ముందు డాక్టర్‌ను కలవాలి. బీపీ, షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. వాడుతున్న మందులన్నీ చూపించాలి.

* ఒకేసారి నలభై కిలోలు తగ్గాలనుకోవద్దు. 110 కిలోల మనిషి ఆరు నుంచి పదకొండు కిలోలు తగ్గినా షుగర్, బీపీ అదుపులోకి రావడం తేలికవుతుంది.

* పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలే ఉండాలి. పప్పు, గుడ్డు పెంచి అన్నం తగ్గించాలి. చక్కెర చాయ్‌లు, కూల్‌డ్రింకులు మానాలి.

* మోకాళ్లు నొప్పిగా ఉంటే పరుగులొద్దు. అయిదు నిమిషాల నడకతోనో, కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామంతోనో మొదలుపెట్టాలి.

* ‘నెలలో పది కిలోలు’ అనే పొడులు, ప్రకటనల మందుల జోలికి వెళ్లొద్దు. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు 2025లో బరువు తగ్గించేందుకు మన మార్కెట్లోకి వచ్చాయి. వాటిని డాక్టర్ రాస్తేనే వాడాలి. ఆపేస్తే బరువు మళ్లీ పెరగొచ్చు.

* ఇవేవీ ఫలించకపోతే జీర్ణాశయాన్ని చిన్నది చేసే బేరియాట్రిక్ ఆపరేషన్ ఉంది. అయితే ఆ తర్వాత జీవితాంతం విటమిన్లు వాడాలి, పరీక్షలు చేయించుకోవాలి. లైపోసక్షన్ దీనికి మందు కాదు. అది చర్మం కింది కొవ్వును మాత్రమే తీస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లను చూసి ఎవరూ నవ్వరు. వేళకు మాత్ర వేసుకోమని గుర్తుచేస్తారు. ఇదీ అలాంటి జబ్బే. మళ్లీ దావత్‌లో ఆమె కనిపిస్తే బియ్యం సంగతి అడక్కండి. ‘మంచిగున్నవా బిడ్డా? దవాఖానకు పోదాం పా, నేను తోడొస్త’ అనండి. సగం బరువు అక్కడే దిగిపోతుంది!