ప్రాసెసరు పేరులో చివరి అక్షరము

క్రిందటి మాసమున ఒక సోదరి మాకు జాబు వ్రాసిరి. రెండేండ్లు చీటీ కట్టి కూడబెట్టిన సొమ్ముతో, బి.కాం.లో చేరబోవు కుమార్తెకు కంప్యూటరు కొనదలచినారట. గ్రాఫిక్సు కార్డు వేరుగా కొననిదే తెరమీద బొమ్మ రాదని దుకాణదారు చెప్పినాడట. ఆ కార్డుతో లెక్క చీటీ సొమ్మును దాటిపోయినది. ఇంటిలో కుమారుడు దుకాణదారునకే వంత పాడుచున్నాడట. అప్పు చేయవలెనా యని యామె ప్రశ్న.

చేయ నక్కరలేదు. కంప్యూటరులో లెక్కలు చేయునది ప్రాసెసరు. తెరమీది బొమ్మను కూర్చునది గ్రాఫిక్సు భాగము. పూర్వము ఈ రెండును వేరువేరుగా నుండెడివి. 2011లో ఇంటెల్, ఎఎండి సంస్థలు రెండును ఈ రెంటిని ఒకే సిలికాను పలకపై చేర్చిన ప్రాసెసర్లను విడుదల చేసినవి. పాఠములు వినుటకు, లెక్కలు వ్రాయుటకు, సినిమా చూచుటకు ఇట్టి ప్రాసెసరు చాలును.

అయితే అన్ని ప్రాసెసర్లలో ఈ భాగముండదు. ఇంటెల్ వారి కోర్ ఐ3 12100లో నున్నది; 12100ఎఫ్‌లో లేదు. ఎఫ్ అక్షరమున్నచో గ్రాఫిక్సు పనిచేయదని యర్థము. ధర కొంచెము తగ్గును గనుక దుకాణములలో దానినే ముందు చూపుదురు. మేమును ఒకసారి ఆ తగ్గింపునకు మోసపోతిమి. మా కార్యాలయమునకు ఎఫ్ అక్షరపు ప్రాసెసరు తెచ్చి బిగించితిమి. పంకా తిరిగినది, దీపము వెలిగినది, తెర మాత్రము నల్లగానే యుండెను. రెండు దినములు తీగలు మార్చి మార్చి చూచితిమి. డబ్బా విప్పిన సరకు మరల తీసికొనమని దుకాణదారు చెప్పినప్పుడు గాని మాకు సంగతి తెలియలేదు.

ఎఎండి వారి పద్ధతి వేరు. రైజెన్ 5 5600లో గ్రాఫిక్సు లేదు. 2021లో వచ్చిన 5600జిలో నున్నది. ఇక్కడ జి అక్షరము మన పాలిటి మేలు. 2024లో వచ్చిన 8600జిలో గ్రాఫిక్సు ఇంకను బలమైనది, చిన్న చిన్న ఆటలకును పనికివచ్చును. కాని 5600జికి ఎఎం4 మదర్‌బోర్డు, డిడిఆర్4 ర్యాము కావలెను. 8600జికి ఎఎం5, డిడిఆర్5. ఒకదానివి మరియొకదానికి సరిపడవు. ఏది కొన్నను మదర్‌బోర్డు వెనుక తెర తీగ తగిలించు హెచ్‌డిఎంఐ వంటి చోటున్నదో లేదో చూడవలెను.

ర్యాము విషయమున సోదరీమణులు కొంచెము నిలిచి ఆలోచింపవలెను. లోపలి గ్రాఫిక్సునకు సొంత జ్ఞాపకశక్తి యుండదు. ర్యాములోనే కొంత పాలు తీసికొనును. కావున 8 జీబీ ఇరుకగును, 16 జీబీ మేలు. ఆ పదునారును ఒకే పలకగా గాక ఎనిమిదేసి చొప్పున రెండు పలకలుగా కొనవలెను. నూతికి ఒక గిలకకు బదులు రెండు గిలకలున్న నీరు త్వరగా వచ్చును గదా! ఇదియు నట్టిదే. వ్రాతపనిలో భేదము కనబడదు గాని, ఆటలలోను బొమ్మల పనిలోను స్పష్టముగా కనబడును.

వేరు కార్డు వ్యర్థమని మా యభిప్రాయము కాదు. భవనముల నమూనాలు తెరమీద కట్టి చూచు చదువు చదివెడివారికిని, పెద్ద వీడియోలు కూర్చెడివారికిని అది కావలసినదే. నేడో రేపో కార్డు కొనుట నిశ్చయమైనచో 5600జికంటె 5600 మేలు. దానిలో క్యాషి 32 ఎంబీ, జిలో 16 మాత్రమే. బి.కాం. చదువునకు ఈ చింత యేల? అన్నగారి ఆటలకు కార్డు కావలసినచో, ఆయన సంపాదన వచ్చిన పిమ్మట అదే పెట్టెలో తగిలించుకొనవచ్చును. చెల్లెలి చీటీ సొమ్ముతో గాదు.

ఆ సోదరి దుకాణమునకు పోయినప్పుడు ప్రాసెసరు పేరును చివరి అక్షరముతో సహా బిల్లుపై వ్రాయించుకొనవలెను. వేరు కార్డు లేకుండ తెర వెలిగించి చూపిన పిమ్మటనే సొమ్ము చెల్లింపవలెను.