రేకు బలం మడతలోనే

స్టీలు పళ్ళెం అంచును ఎందుకు చుట్టి మడుస్తారో భోజనానికి కూర్చున్న పిల్లలు సాధారణంగా అడగరు. చేయి కోసుకుపోకుండా ఉండడం ఒక్కటే కారణం కాదు. ఆ మడత లేకపోతే అంత పలుచని రేకు పట్టుకున్న చోటనే వంగిపోతుంది. పోటీ రోబోకు చట్రం కట్టబోయే విద్యార్థి మొదట గ్రహించవలసినది ఇదే.

1992లో అమెరికాలో ఆరంభమైన ఫస్ట్ రోబోటిక్స్ పోటీ అనేక దేశాలకు వ్యాపించింది. దానిని స్థాపించిన డీన్ కామెన్ చొరవతోనే వెలసిన ఫస్ట్ గ్లోబల్ పోటీకి 2019లో 190కి పైగా దేశాల బాలబాలికలు దుబాయి వచ్చారు. కనుక గల్ఫ్‌లోని తెలుగు పిల్లలకు ఈ విద్య దూరపుది కాదు. మొదటి పోటీలో 2024 నియమం ప్రకారం బ్యాటరీ, బంపర్లు మినహా రోబో బరువు 125 పౌండ్లకు, అనగా సుమారు 57 కిలోలకు మించరాదు. యంత్రాలు ఒకదానినొకటి ఢీకొనే ఆటలో చక్రాలను, మోటార్లను మోసే చట్రం దృఢంగా ఉండాలి, బరువు మాత్రం పెరగరాదు. ఈ చిక్కుకు తల్లిదండ్రులు తొందరపడి ఎంచుకొనే పరిష్కారం మందపు పలక కొనిపెట్టడం. అది తప్పుదారి.

100 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం గల అల్యూమినియం పట్టీని తీసుకుందాం. మందం రెట్టింపు చేస్తే వంగకుండా నిలిచే గుణం 8 రెట్లవుతుంది, బరువు రెట్టింపవుతుంది. అదే పట్టీ రెండు అంచులను 25 మిల్లీమీటర్ల చొప్పున నిలువుగా మడిస్తే ఆ గుణం లెక్క ప్రకారం వంద రెట్లు దాటుతుంది, బరువు ఒక్క గ్రామైనా పెరగదు! అయితే ఈ తొట్టి ఆకారం మెలితిప్పితే లొంగుతుంది. అందుకే చక్రానికి ఇరువైపులా ఒక్కొక్క తొట్టిని నిలిపి, ఇరుసు రెండు కొనలనూ వాటికి ఆనించి, అడ్డపట్టీలతోను, అడుగున ఒక రేకుతోను కలిపి రివెట్లు కొట్టాలి.

లోహపు ఎంపిక రసాయనశాస్త్రం పని. 6061-టి6 మిశ్రమానికి మెగ్నీషియం, సిలికాన్‌ల అతిసూక్ష్మ కణాలు బలమిస్తాయి, కాని అవే దానిని సులభంగా సాగనివ్వవు. ఇరుకుగా మడిస్తే అది పగులుతుంది. సుమారు రెండున్నర శాతం మెగ్నీషియం గల 5052 మడతకు అనుకూలం. బరువు తగ్గించే రంధ్రాలు మడతకు దగ్గరగా ఉంటే కోడిగుడ్డులా సాగిపోతాయి.

మడత మర్మం చేతులతో ఎరిగినవారు కువైట్‌లోనే ఉన్నారు. 2016 జూలైలో మిత్రిబాలో దాదాపు 54 డిగ్రీలు నమోదైన ఈ దేశంలో ఏసీ డక్టులు లేనిదే బ్రతుకు లేదు. డక్టు పలక డప్పులా మోగకుండా దానిపై మూల నుండి మూలకు అడ్డంగా రెండు మడతలు నొక్కే పనివారిలో మన తెలుగువారూ ఉన్నారు. డాక్టరేట్లున్నవారి విందులలో వారు కనబడకపోవడం విచారకరం. పిల్లవాడు ముందుగా అట్టతో చట్రం నమూనా చేసి, ఒక సాయంత్రం షువైఖ్ పారిశ్రామిక వాడలో అటువంటి పెద్దమనిషికి చూపి, “బాబాయ్, ఇది ఎక్కడ విరుగుతుంది?” అని అడగాలి. సంఘం జరిపే విజ్ఞాన ప్రదర్శనలో న్యాయనిర్ణేతల వరుసలో ఆయనకూ ఒక కుర్చీ వేయాలి.