అటక మీద సామాను - ఉల్లిపాయ ప్రశ్న

పండగ ముందు అటక దులపడం అందరిళ్లలోనూ ఉండేదే కదా! మొన్న మా ఇంట్లో చిల్లుపడ్డ బిందె, మూతలేని కుక్కరు, పిల్లల ఊయల కిందికి దిగాయి. "అంతా చెత్తే, పాతసామాన్లవాడికి వేసెయ్" అన్నారు మావారు. "ఉండనీ అమ్మాయ్, ఎప్పటికైనా పనికొస్తాయి" అన్నారు అత్తగారు. సరిగ్గా ఇదే తగువు శాస్త్రవేత్తల మధ్య యాభై ఏళ్లుగా నడుస్తోందంటే నమ్ముతారా? వాళ్ల అటక పేరు డి.ఎన్.ఎ.

మన కణాల్లోని డి.ఎన్.ఎ.ని పెద్ద వంటల పుస్తకం అనుకోండి. అమ్మ నుంచి ఒక ప్రతి, నాన్న నుంచి ఒక ప్రతి వస్తాయి. ఒక్కో ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాలు! అందులో ప్రోటీన్లు తయారుచేసే విధానం ఉన్నది నూటికి రెండు పాళ్లు కూడా కాదు. మరి మిగతాదో? అందులో చాలావరకు పనికిరాని సామానేనని 1972లో సుసుము ఓనో అనే శాస్త్రవేత్త అన్నారు. దానికే 'జంక్ డి.ఎన్.ఎ.' అని పేరు పడిపోయింది. 2012లో ఎన్‌కోడ్ అనే పెద్ద బృందం మాత్రం నూటికి 80 పాళ్లు ఏదో ఒక పని చేస్తోందని ప్రకటించింది. ఇక చూడండి రభస! అక్కడేదో కదలిక కనబడినంత మాత్రాన అది ఒంటికి అవసరమైన పని అయిపోతుందా అని మిగతావాళ్లు నిలదీశారు.

ఈ తగువులో మన ఉల్లిపాయకూ చోటుందండోయ్! ఉల్లి కణంలో డి.ఎన్.ఎ. మనకన్నా సుమారు అయిదు రెట్లు ఎక్కువ. ఉన్నదంతా అవసరమే అయితే, మనిషికన్నా ఉల్లిపాయకి అంత ఎక్కువ ఎందుకు కావాలి? 2007లో కెనడా శాస్త్రవేత్త ర్యాన్ గ్రెగొరీ వేసిన ప్రశ్న ఇది. నాకైతే సబబుగానే తోచింది.

అలాగని అంతా చెత్తే అనుకుంటే పొరపాటు. ఏ జన్యువు ఎప్పుడు పనిచెయ్యాలో చెప్పే స్విచ్చులు ఆ సామానులోనే ఉన్నాయి. ఇంకో సంగతి వినండి. జన్యువుల మధ్యలో కొన్ని అదనపు ముక్కలుంటాయి. కణం వాటిని కత్తిరించేసి, మిగిలినవి అతుక్కుంటుంది. జాకెట్టు కుట్టేటప్పుడు పారేసే పీలిక మీదే సుద్దగీత ఉన్నట్టు, ఎక్కడ కత్తిరించాలో చెప్పే గుర్తు ఆ ముక్క అంచునే ఉంటుంది. అక్కడ ఒక్క అక్షరం మారినా కత్తిరింపు తప్పుతుంది. మన దేశంలో బీటా తలసీమియాకు అన్నిటికన్నా ఎక్కువగా కనబడే కారణం అలాంటి ఒక్క అక్షరమే! పాపం, తీవ్రమైన తలసీమియా ఉన్న పిల్లలకు కొద్ది వారాలకొకసారి రక్తం ఎక్కించాల్సిందే.

ఈ లోపం ఒక ప్రతిలోనే ఉన్నవాళ్లు మామూలుగానే తిరుగుతుంటారు. మహా అయితే కొంచెం రక్తం తక్కువ. భార్యాభర్తలిద్దరికీ ఉంటేనే చిక్కు. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం ఉంది. అందుకే పెళ్లికి ముందో, కనీసం నెల తప్పిన కొత్తలోనో హిమోగ్లోబిన్ ఎ2 పరీక్ష గురించి డాక్టరుగారిని అడగండి. ఐరన్ మాత్రలు ఎన్ని వాడినా రక్తం పెరగనివాళ్లు తప్పకుండా అడగాలి. ఇద్దరికీ ఉందని తేలితే ఏం చెయ్యాలో ముందే ఆలోచించుకోవచ్చు.

ఇంతకీ మా అటక సంగతంటారా? బిందె పోయింది, ఊయల మిగిలింది. అన్నీ దాచనూ అక్కర్లేదు, చూడకుండా పారెయ్యనూ కూడదు. ఏమంటారు?