కాచువారమా, దోచువారమా?

ప్రియ చదువరీ, దేవుని సృష్టిని మనము ముందు మాటతో కొట్టుదుము, తరువాతనే గొడ్డలితో కొట్టుదుము. ఇది అతిశయోక్తి యని తలంచెదవా? మన జిల్లాలనే చూడుము.

గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి ప్రాంతముల ఓపెన్‌కాస్టు గనులలో బొగ్గుమీది మన్నును, రాతిని 'ఓవర్‌బర్డెన్' అందురు. పనివారి నోట అది 'ఓబీ'. అనగా మీదిబరువు! నిన్నటివరకు అది జొన్నచేను, పశువుల మేతబీడు, చింతచెట్టు నీడ. బరువని పేరు పెట్టినపిమ్మట దానిని దించి పారవేయుటకు ఎవరి మనస్సు నొచ్చును?

ఆదిలాబాదు అడవికి పొమ్ము. ఇప్పపువ్వు, తునికాకు, తేనె, వెదురు సర్కారు భాషలో 'చిన్నతరహా అటవీ ఫలసాయము'. ఎవరికి చిన్నది? ఎండకాలమంతయు దానితో పొయ్యి వెలిగించు గోండు తల్లికా? తరతరములుగా అడవిలో నున్నవానికి కాగితముమీద 'ఆక్రమణదారు' అని పేరు. నీరు, అడవి, నేల మావే యని నిలిచిన కుమ్రం భీము 1940లో జోడేఘాట్‌లో నైజాము పోలీసుల తుపాకులకు కూలెను. అడవివాసులకు చారిత్రకమైన అన్యాయము జరిగినదని దేశము తన చట్టములో ఒప్పుకొనుటకు 2006 వరకు పట్టినది. ఒక తప్పుడు పేరును దిద్దుటకు అరువదియారేండ్లు!

"బొగ్గు లేక దీపము వెలుగునా? మాటలతో నేమి పని?" అందువేమో. గనిని మూయుమని నేననుట లేదు. బొగ్గు తీయుము, కాని మన్నును మన్ననుము. మన్నని పిలిచినవాడు దానిని మరల ఎక్కడ పరతునా, ఏ చెట్టు నాటుదునా యని అడుగును. బరువని పిలిచినవాడు అడుగడు.

మరి కొందరు బైబిలునే అడ్డము పెట్టుకొందురు. ఆదికాండము మొదటి అధ్యాయములో భూమిని లోబరచుకొనుట, ఏలుట యను మాటలున్నవి గదా యందురు. ఉన్నవి. అయితే అక్కడనే పుస్తకము మూయుదువేల? రెండవ అధ్యాయము పదునైదవ వచనము వరకు చదువుము. నరుడు తోటలో ఉంచబడినది సేద్యము చేయుటకును, కాచుటకును. సేద్యమని మనవారు తెనిగించిన హెబ్రీ మాటకు సేవయనియు అర్థము కలదు. సేవించని ఏలుబడి దోపిడియే.

'కాచు' అను మన తెలుగు మాటను చూడుము. మంద కాచునది కాపరి. చేను కాచుట కావలి. చెట్టు పండ్లు కాచినను ఆ మాటయే, దాని పంటయు కాపే. మన పల్లెలో రైతు కాపాయన. కాచినచోటనే కాపు కలదని మన భాష మనకు ఊరకనే నేర్పుచున్నది. ఇంత మంచి మాట ఇంటనుండగా 'వనరు', 'బంజరు', 'ఓబీ' యని అరువు చూపుతో చూచుట ఏల?

కాబట్టి చదువరీ, గ్రామసభలో సంతకము చేయుటకు ముందు కాగితములోని పేర్లు చదువుము. బంజరని వ్రాసినచోట ఎవరి పశువులు మేయుచున్నవో అడుగుము. ఆక్రమణదారని వ్రాసినచోట ఆ మనుష్యుని పేరు అడుగుము. నీ బిడ్డలకు గుట్టను, వాగును, చెట్టును వాటి పేర్లతో నేర్పుము. పేరు తెలియనిదానిని ఎవడును కాచడు.